దరఖాస్తుల బస్తాలో దొరికిన ఒప్పందం

నాగపూర్‌లో హైకోర్టు ఇచ్చిన ఒక తీర్పులో నేనున్నాను. పేరు లేదు. "ప్రతివాది కంపెనీ రెండో సాక్షి" అని మూడు చోట్ల వస్తుంది. ఆ మూడు చోట్లా నేనే. కంపెనీల విలీనాల మీద పనిచేసే కుర్ర వకీళ్లు ఆ తీర్పును ఇప్పటికీ అప్పుడప్పుడు తిరగేస్తారని విన్నాను. వాళ్లలో ఎవరైనా ఇది చదివితే, ఆ రెండో సాక్షి ఎవరో, అతను ఏం చేశాడో తెలుసుకుంటారని రాస్తున్నాను.

చట్టాన్ని శాసనసభల్లో చేస్తారని బడిలో చదువుకున్నాం. అది నిజమే. కానీ చేసిన చట్టానికి అర్థం ఏమిటన్నది తేలేది కోర్టుల్లో. అదీ ఎక్కువగా పెద్ద కంపెనీల కేసుల్లో. కింది కోర్టులో ఓడితే పై కోర్టుకు, అక్కడా ఓడితే ఇంకా పైకి పోయే ఓపిక వాళ్లకే ఉంటుంది. చిన్నవాడు మధ్యలోనే రాజీపడి ఇంటికి పోతాడు. అందుకే వ్యాపార చట్టంలో మీరు బట్టీ పట్టే చాలా సూత్రాల వెనక ఏదో ఒక కంపెనీ మొండితనం ఉంటుంది. మా సూత్రం వెనక కంపెనీ మొండితనంతో పాటు నా సిగ్గు కూడా ఉంది.

మాది రాజురా వైపు పల్లె. రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు మా తాలూకా హైదరాబాద్ రాష్ట్రం నుంచి ఇటు మరాఠీ వైపు వచ్చింది. మా నాన్న తెలుగు బడిలో చదివాడు, నేను అదే ఊళ్లో మరాఠీ బడిలో చదివాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, తర్వాత ఆఫీసులో మరాఠీ, హిందీ, ఇంగ్లీషు. తెలుగు నా నోట్లో ఉండేది గానీ కంటికి ఆనేది కాదు. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని తెలుసు, అంతే. మా వైపు నా ఈడు వాళ్లలో సగం మంది ఇంతే కాబట్టి అదొక లోటని ఎప్పుడూ అనిపించలేదు.

చంద్రపూర్‌లో ఒక సిమెంటు కంపెనీ లీగల్ డిపార్ట్‌మెంట్‌లో క్లర్కుగా చేరాను. కంపెనీ సున్నపురాయి గని కోర్పనా దగ్గర ఉండేది. చుట్టూ ఉన్న పల్లెల్లో చాలావరకు తెలుగువాళ్లే. చేరిన వారానికే మా పెద్దసాహెబ్ నన్ను పిలిచి, "నువ్వు తెలుగువాడివి కదా, ఇకనుంచి తెలుగు కాగితాలన్నీ నీవే" అన్నాడు. ఆయన నాగపూర్ మనిషి, మంచి వకీలు, చేతికింది వాళ్లను కసురుకోని పెద్దమనిషి. చదవడం వచ్చా అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. కొత్త ఉద్యోగంలో చేరిన వారానికే ఫలానాది నాకు రాదని చెప్పుకోవడం ఎవరికి ఇష్టం? ఒకసారి దాటేశాక ఇక చెప్పే సందు దొరకదు.

నిజానికి ఇబ్బందేమీ రాలేదు. తెలుగు కాగితం వచ్చేదే ఏడాదికి ఒకటో రెండో. దాన్ని తెచ్చిన మనిషి ఎదురుగానే ఉండేవాడు. "కాయితం సంగతి తర్వాత, నువ్వు నోటితోని చెప్పు కాకా" అనేవాణ్ని. అతను చెప్పేవాడు. నేను మరాఠీలో నోటు రాసి పైన పెట్టేవాణ్ని. కాగితాన్ని దరఖాస్తుల బస్తాలో పెట్టి ముడి వేసేవాణ్ని. బస్తా అంటే ఎర్రటి గుడ్డలో కట్టిన ఫైళ్ల మూట. చూసేవాళ్లకు నేను చదివే రాశానని అనిపించేది. వచ్చిన రైతుకు కూడా తన గోడు ఎవరో ఓపిగ్గా విన్నారన్న తృప్తి ఉండేది. ఇలా పన్నెండేళ్లు గడిచాయి. నా తెలుగు పరిజ్ఞానం గురించి ఆఫీసులో మంచి పేరే వచ్చింది.

అప్పుడు కంపెనీల పునర్వ్యవస్థీకరణ రోజులు మొదలయ్యాయి. ఘుగ్గుస్‌లో, భద్రావతిలో, మా కోర్పనా వైపు గేట్ల మీద బోర్డులు మారుతున్నాయి. మా కంపెనీని ముంబయిలోని ఒక పెద్ద కంపెనీ తనలో కలుపుకుంటుందని తేలింది. విలీనం అంటే ఉత్తినే బోర్డు మార్చడం కాదు. కోర్టుకు ఒక పథకం సమర్పించాలి. దాని వెనక షెడ్యూల్ ఒకటి ఉంటుంది. పాత కంపెనీకి ఉన్న లీజులు, లైసెన్సులు, ఒప్పందాలు అన్నీ అందులో వరసగా రాయాలి. అవన్నీ కొత్త కంపెనీకి సంక్రమిస్తాయి. ఆ షెడ్యూల్ తయారు చేసే పని నాకు అప్పగించారు. మూడు వారాలు గడువు.

మా డిపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. విలీనం తర్వాత ఇద్దరే ఉంటారని అందరికీ తెలుసు. ఆ ఇద్దరెవరన్నది ముంబయిలో రాస్తున్న జాబితా చెబుతుంది. టేబుల్ మీంచి తల ఎత్తకుండా పనిచేయడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

ఇరవై మూడు బస్తాలు విప్పాను. నాకొక కొలత ఉండేది. స్టాంపు పేపరు మీద ఉంటే ఒప్పందం. తెల్ల కాగితం మీద కింద వేలిముద్రలుంటే దరఖాస్తు. మరాఠీ, ఇంగ్లీషు కాగితాలను చదివే వేరు చేశాను. తెలుగు కాగితాలను మాత్రం చూపుతోనే వేరు చేశాను. ఈ కొలత గురించి సాహెబ్‌కు చెప్పలేదు. చెప్పి ఉంటే ఎందుకని అడిగేవాడు.

ఆ మూడు వారాల్లోనే ఒక పొద్దున పెద్దాయన ఒకాయన ఆఫీసుకు వచ్చాడు. గని పక్కన ఉన్న ఊరి రైతు, డెబ్బై దాటిన మనిషి. ఊరి కాలువ చివర రెండెకరాల మిరప తోట ఆయనది. అభ్యంతరాలుంటే చెప్పండంటూ విలీనం ప్రకటన ఇంగ్లీషు పేపర్లో, మరాఠీ పేపర్లో పడింది. ఎవరో చదివి చెబితే బస్సెక్కి వచ్చాడు. నా టేబుల్ చుట్టూ ఇంకో ముగ్గురు క్లర్కులు, సాహెబ్ కూడా అప్పుడు అక్కడే ఉన్నారు. చాయ్ వచ్చింది. పెద్దాయనకూ ఒక కప్పు ఇప్పించాను.

"కంపెనీ మారుతున్నదంట గద బిడ్డా," అన్నాడు. "మన కాయితం ఉన్నదా?"

"ఏ కాయితం కాకా?"

"నీళ్ల కాయితం. ఖదాన్ కొత్తగ తవ్వినప్పుడు పట్వారీ రాసిండు. లారీలకు మా ఊరు తొవ్వ ఇచ్చింది, వాళ్లు మాకు ఖదాన్ నీళ్లు ఇస్తమన్నరు. మా దగ్గర ఉన్నదాన్ని చెదలు తిన్నయి. మీ దగ్గరిది ఉండాలె."

ఖదాన్ అంటే మా గనే. దరఖాస్తుల బస్తా విప్పి ఉంది. తెలుగు కాగితాలు నాలుగైదు తీసి ముందు పెట్టాను. ఆయనకూ చదువు రాదు. కానీ మూడో కాగితం మీద కింద ఉన్న వేలిముద్రల వరసను చూసి వేలు పెట్టాడు.

"గిదే. గీ నాలుగోది నా వేలు. గప్పటికే కోసుకున్న మచ్చ, సూడు, ముద్రల గూడ పడ్డది. జెర చదివి సూడు బిడ్డా, అన్నీ ఉన్నయా?"

ఈ ఘట్టాన్ని ఎన్నిసార్లు తలచుకున్నానో. "నాకు తెలుగు చదువ రాదు కాకా" అంటే సరిపోయేది. ఐదే మాటలు. కానీ పన్నెండేళ్లుగా తెలుగు కాగితాలు చూస్తున్న మనిషిని, పక్కన సాహెబ్ నిలబడి ఉన్నాడు. ఎవరుంటారో ఎవరు పోతారో తెలియని రోజులు. కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాను. కళ్లను ఎడమ నుంచి కుడికి, పై వరస నుంచి కింది వరసకు నడిపించాను. మధ్యలో ఒకసారి తల కూడా ఊపాను.

"ఉన్నది కాకా. అంతా భద్రంగ ఉన్నది," అన్నాను.

పెద్దాయన నా ముఖంలోకి ఒక క్షణం చూశాడు. తర్వాత చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, "మంచిది బిడ్డా" అని వెళ్లిపోయాడు. తెల్ల కాగితం, వేలిముద్రలు. నా కొలత ప్రకారం అది దరఖాస్తే. తిరిగి బస్తాలో పెట్టాను. షెడ్యూల్‌లో రాయలేదు.

విలీనానికి కోర్టు ఆమోదం వచ్చింది. బోర్డు మారింది. కొత్త యాజమాన్యం గని నీళ్లను ఊరి కాలువకు ఎందుకు వదులుతున్నారని అడిగింది. ఎందుకో చెప్పే కాగితం ఏదీ షెడ్యూల్‌లో లేదు. నీళ్లను ప్లాంటు చెరువుకు మళ్లించారు. ఆ ఊళ్లో మిరపకు దీపావళి తర్వాతనే నీళ్లు కావాలి. ఆ చలికాలం కాలువ ఎండిపోయింది. తోటలు పూతలోనే వాడిపోయాయి. గని లారీలు మాత్రం ఊరి తోవలోనే పోతూ ఉన్నాయి.

ఊరివాళ్లు చంద్రపూర్ జిల్లా కోర్టులో దావా వేశారు. మొదటి వాది ఆ పెద్దాయనే, వేలిముద్రలు వేసిన వాళ్లలో బతికున్నది ఆయనొక్కడే. వాళ్లకు దొరికిన వకీలు చంద్రపూర్ అమ్మాయి, మరాఠీ మనిషి, ప్రాక్టీసుకు కొత్త. స్కూటీ మీద కోర్టుకు వచ్చేది. మా కంపెనీ తరఫున ముంబయి నుంచి సీనియర్ వకీలు దిగాడు. రెండెకరాల మిరప తోట కేసుకు అంత పెద్ద వకీలు ఎందుకని మేమే ముక్కున వేలేసుకున్నాం. సాహెబ్ విడమరచి చెప్పాడు.

"ఇది నీళ్ల కేసు కాదు. షెడ్యూల్‌లో లేనిది మనకు సంక్రమించదని మనం వాదిస్తున్నాం. ఈ కంపెనీ దేశంలో పది చోట్ల ఇలాంటి ప్లాంట్లు కొన్నది. ప్రతిచోటా పాత యజమానులు ఊళ్లకు ఏవో మాటలు ఇచ్చి ఉంటారు. ఇక్కడ ఓడితే అన్నిచోట్లా ఓడినట్టే."

కంపెనీ జవాబుకు ఒక అఫిడవిట్ కావాలి. రికార్డులు నా అధీనంలో ఉండేవి కాబట్టి నేనే ఇవ్వాలి. తెలుగులో ఉన్నవాటితో సహా రికార్డులన్నీ పరిశీలించానని, వాది చెబుతున్న ఒప్పందమేదీ వాటిలో లేదని, ఉన్నది ఒక దరఖాస్తు మాత్రమేనని అందులో ఉంది. ఇంగ్లీషులో టైపు చేసి తెచ్చారు. ఇంగ్లీషు నాకు చదవడం వచ్చు. పరిశీలించాను అన్న మాట దగ్గర ఆగాను. ఆగి, సంతకం చేశాను. అంతకు పది రోజుల ముందే ముంబయి జాబితా వచ్చింది. ఉంచిన ఇద్దరిలో నేనొకణ్ని. మమ్మల్నీ ఉంచుతారో లేదో చెప్పే రెండో జాబితా ఇంకా రావాల్సి ఉంది. ఎవరూ నన్ను బెదిరించలేదు. నాకు నేనే సర్దిచెప్పుకున్నాను: చూశాను కదా, చూడటమంటే పరిశీలించడమే కదా అని. ఇన్నేళ్ల తర్వాత ఆ సర్దుబాటు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

దావా నడుస్తుండగా రెండో చలికాలం కూడా కాలువలో నీళ్లు రాలేదు. పెద్దాయన ఆ ఏడు మిరప నారే పోయలేదని విన్నాను.

వకీలమ్మ ఒక తెలివైన పని చేసింది. ఒప్పందం చూపించమని అడగలేదు. మీరు దరఖాస్తు అంటున్న ఆ కాగితాన్నే కోర్టుకు తెండి అని అడిగింది. జడ్జి సరే అన్నాడు. నన్ను క్రాస్ ఎగ్జామిన్ చేసే రోజు అసలు కాగితం నేనే తీసుకురావాలని ఆదేశం.

ముందురోజు సాయంత్రం ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చాను. మా ఆవిడది ఆసిఫాబాద్. పదో తరగతి దాకా తెలుగులోనే చదివింది. పుట్టింటికి పోయినప్పుడల్లా తెలుగు వారపత్రికలు కట్టగట్టి తెచ్చుకుని, ఒక్కోటీ రెండుసార్లు చదివేది. ఇన్నేళ్లలో ఏ ఒక్క కాగితమైనా ఆమెకు చూపించి ఉండొచ్చు. ఆఫీసు కాగితం ఇంట్లో ఆడవాళ్లతో చదివించుకుంటానా అన్న పొగరు ఒకటి. చదివించుకుంటే నాకు రాదని ఒప్పుకున్నట్టే కదా అన్న బెరుకు ఇంకొకటి. ఆ రోజు చిక్కుడుకాయలు తుంచుతున్న ఆమె ముందు కాగితం పెట్టాను. చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది.

"ఎవరు రాసిన్రో గానీ దస్తూరి ముత్యాలోలె ఉన్నది," అంది.

"ఏమున్నదో చెప్పు. దరఖాస్తా?"

"దరఖాస్తెందుకైతది? దరఖాస్తంటే ఒకలు అడుగుడు. ఇందుల ఇద్దరు ఒప్పుకున్నరు గద." ఒక్కో వరస కింద వేలు పెట్టి చదివింది. ఊరి బంజరులోంచి లారీలకు తోవ ఇవ్వడానికి ఊరివాళ్లు ఒప్పుకున్నారు. బదులుగా దీపావళి నుంచి మిరప ఏరడం అయ్యేదాకా ప్రతి ఏడూ గని నీళ్లు ఊరి కాలువకు వదలడానికి కంపెనీ ఒప్పుకుంది. కింద గని మేనేజరు సంతకం. అతను కోస్తా నుంచి వచ్చిన తెలుగువాడు, తెలుగులోనే సంతకం చేశాడు. దాన్ని నేను ఇంకో ఊరివాడి సంతకం అనుకున్నాను.

"ఇంకో మాట ఉన్నది," అంది మా ఆవిడ. "ఈ ఖదాన్ ఎవ్వరి చేతికి పోయినా, తొవ్వ నడిచినన్ని దినాలు నీళ్లు నడవాలె అని."

కోర్టులో ఏడాదిగా పెద్ద పెద్ద మాటలతో వాదిస్తున్న ప్రశ్నకు జవాబు పట్వారీ ఒకే వరసలో రాసి పెట్టాడు. మా ఆవిడ కాగితం తిరిగి ఇస్తూ నన్నే చూసింది.

"నువ్వు ఇది చదివిన అని సంతకం పెట్టినవా?"

పెట్టానన్నాను. ఆమె చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు కోర్టు వరండాలో సాహెబ్‌ను పక్కకు పిలిచి ఉన్న సంగతంతా చెప్పాను. నాకు చదవడం రాదన్నది కూడా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్లు," అన్నాడు మరాఠీలో. తర్వాత గొంతు తగ్గించాడు. "విను. లోపల తెలుగు చదవగలిగినవాళ్లు ఎవరూ లేరు. దరఖాస్తని అఫిడవిట్‌లో చెప్పావు. అదే చెప్పు. ఇప్పుడు మాట మారిస్తే అబద్ధపు ప్రమాణం కింద నీ మీదికే వస్తుంది. రెండో జాబితా సోమవారం వస్తుంది." ఆయన చెడ్డవాడు కాదని ముందే రాశాను. ఆ మాటలు నా మంచి కోరి అన్నవే.

బోనులో నిలబడ్డాను. వెనక బెంచీ మీద పెద్దాయన కండువా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వకీలమ్మ తొందరపడకుండా మొదలుపెట్టింది.

"మీ మాతృభాష?"

"తెలుగు."

"తెలుగు కాగితాలన్నీ పరిశీలించానని అఫిడవిట్‌లో చెప్పారు. అవునా?"

"అవును."

"ఇది మీరు తెచ్చిన కాగితమే. దయచేసి కోర్టుకు చదివి వినిపించండి. చదివి, మరాఠీలో అర్థం చెప్పండి."

ముంబయి వకీలు లేవబోయి, ఎందుకో కూర్చున్నాడు. జడ్జి నా వైపు చూశాడు. కాగితం నా చేతికి వచ్చింది. ఆ క్షణంలో నాకు తట్టింది ఏమిటంటే, నేను ఏం చదివినా చెల్లుతుంది. జడ్జికి రాదు, ఇద్దరు వకీళ్లకూ రాదు, బెంచి క్లర్కుకు రాదు, పెద్దాయనకు రాదు. అయ్యా, మా కాలువకు నీళ్లు ఇప్పించగలరని మనవి అని చదివితే అది దరఖాస్తే అవుతుంది. లేదా నిన్న మా ఆవిడ చదివింది నోటికే ఉంది, దాన్ని ఉన్నదున్నట్టు ఒప్పజెబితే నాకు చదువు వచ్చన్న పేరు నిలుస్తుంది. కానీ అప్పుడు తెలిసి తెలిసి అబద్ధపు ప్రమాణం చేసినవాణ్నవుతాను. ఈ రెండిట్లో దేనికైనా నాకు కావాల్సింది ఒక్కటే. మళ్లీ కళ్లను ఎడమ నుంచి కుడికి నడిపించడం.

నడిపించాను కూడా. మొదటి వరస చివరిదాకా. తల ఎత్తితే పెద్దాయన నన్నే చూస్తున్నాడు, ఆ రోజు ఆఫీసులో చాయ్ కప్పు పట్టుకుని చూసినట్టే.

"మలా తెలుగు వాచతా యేత నాహీ," అన్నాను జడ్జితో. నాకు తెలుగు చదవడం రాదు అని మరాఠీలో.

వెనక ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు.

"మరి మీరు పరిశీలించింది ఏమిటి?"

"కాగితం రూపం సార్. స్టాంపు పేపరు లేదు, కింద వేలిముద్రలున్నాయి. దరఖాస్తనుకున్నాను."

"షెడ్యూల్ చేసినప్పుడు కూడా ఇలాగేనా?"

"ఇలాగే సార్."

"ఇందులో ఏముందో మీకు ఇప్పటికీ తెలియదా?"

"నిన్న సాయంత్రం తెలిసింది. మా ఆవిడ చదివింది."

ముంబయి వకీలు అప్పుడు లేచాడు. సాక్షి భార్య ఇంట్లో చదివింది సాక్ష్యం కాదని అభ్యంతరం చెప్పాడు. అది న్యాయమైన అభ్యంతరమే, జడ్జి ఒప్పుకున్నాడు. కాగితంలో ఏముందని ఆమె చెప్పిందో నన్ను అడగలేదు. దాన్ని అధికారిక అనువాదానికి పంపమని ఆదేశించి, నేను చెప్పినదంతా వాంగ్మూలంలో రాయించాడు. సంతకం పెట్టేటప్పుడు ఈసారి ప్రతి మాటా చదివి పెట్టాను.

అనువాదం రెండు నెలలకు వచ్చింది. మా ఆవిడ చదివినదానికీ దానికీ తేడా లేదు. జిల్లా కోర్టులో ఊరు గెలిచింది, వచ్చే చలికాలానికి కాలువకు నీళ్లు వదలక తప్పలేదు. కంపెనీ నాగపూర్‌కు అప్పీలు వెళ్లింది. అక్కడ కాగితం గురించి పేచీ లేదు, షెడ్యూల్ గురించే. హైకోర్టు చెప్పింది నా మాటల్లో చెబితే ఇంతే: షెడ్యూల్ అనేది గుర్తుకోసం రాసుకునే పట్టిక. అందులో ఒక క్లర్కు రాయనంత మాత్రాన ఒక కంపెనీ చేసిన బాస చచ్చిపోదు. తోవను అనుభవిస్తున్నవాడు తోవకు కట్టిన బాధ్యతను వదిలించుకోలేడు. ఆ క్లర్కు ఎందుకు రాయలేదో చెప్పడానికే రెండో సాక్షి మూడుసార్లు వస్తాడు.

కంపెనీ ఢిల్లీ దాకా పోలేదు. అక్కడ ఓడితే అది దేశం మొత్తానికీ సూత్రమైపోతుందని ఆగారట. అయినా ఆ తీర్పు నలుగురి చేతుల్లో పడింది. మరో రెండు విలీనాల కేసుల్లో చూపించారని సాహెబే చెప్పాడు. తర్వాత ఆయన తయారు చేసిన పథకాల్లో షెడ్యూల్‌లో ఉన్నా లేకున్నా అన్న మాట ఒకటి చేరింది. ఇప్పుడు మీరు కాపీ కొట్టే నమూనాల్లో ఆ మాట కనిపిస్తే, దాన్ని ఎవరో మేధావి ఆలోచించి పెట్టాడనుకోకండి.

రెండో జాబితాలో నా పేరు లేదు. అబద్ధపు ప్రమాణం కేసు పెట్టలేదు, జడ్జి గట్టిగా చీవాట్లు పెట్టి వదిలాడు. ఉద్యోగం పూర్తిగా పోకుండా సాహెబ్ అడ్డుపడ్డాడు. నన్ను ఘుగ్గుస్ రైల్వే సైడింగ్‌లో లారీలు తూచే కాటా దగ్గర వేశారు. లారీల నంబర్లు రాసుకునే పని. అంకెలు నేను బాగానే చదవగలను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను.

దుమ్ములో కూర్చుని చేసే ఆ పనిలో తీరిక చాలా ఉండేది. మా ఆవిడ పుట్టింటి నుంచి ఒకటో తరగతి వాచకం తెప్పించింది. నలభై దాటాక అక్షరాలు దిద్దడం ఎలా ఉంటుందో వర్ణించను. ఒత్తుల దగ్గర ఆమె ఓపిక, నా ఓపిక రెండూ చచ్చాయి. ఏడాదికి కూడబలుక్కుని చదవడం వచ్చింది.

నీళ్లు మళ్లీ వదిలిన మొదటి చలికాలం ఒక సెలవు రోజున ఆ ఊరికి పోయాను. పెద్దాయన తోట గట్టు మీద ఉన్నాడు. రెండేళ్లు పంట లేని నేలలో మిరప మోకాలెత్తు పెరిగింది. ఎద్దుల్ని అమ్మేశాడట, పక్కవాడి జత అడిగి దున్నించాడు. ఇంటికి తీసుకుపోయి మంచం వాల్చాడు. కోడలు చాయ్ తెచ్చింది.

"కాకా, ఒక మాట చెప్పాలె," అన్నాను. "ఆ దినం ఆఫీసుల ఆ కాయితం నేను చదువలే. చదివినట్టు చేసిన."

"నాకు తెల్సు బిడ్డా."

"ఎట్ల తెల్సు?"

"పట్వారీ దాన్ని మాకు చదివి జెప్పెటాల్లకు మేం ఒక్కొక్కలం రెండు బీడీలు తాగినం. నువ్వేమో నా చాయ్ సల్లారకముందే అయిపోయిందంటివి."

చాయ్ కప్పు కింద పెట్టాను. "మరి గప్పుడే ఎందుకనలేదు కాకా? అంటే నీ తోట ఎండకపోతుండె."

ఆయన తోట వైపు చూశాడు. "నీ సుట్టూత సారులు నిలవడ్డరు. మనోడు ఒక్కడు కుర్సీల కూసున్నడు. వానికి చదువ రాదని ఆళ్ల ముంగట నేనెట్ల జెప్త? నువ్వే తర్వాత ఎవరితోనన్న చదివిపిస్తవనుకున్న."

నన్ను తిట్టి ఉంటే భరించేవాణ్ని. నా పరువు కోసం ఆయన రెండు పంటలు పోగొట్టుకున్నాడు, ఆ సంగతి కోర్టులో కూడా నోరు విప్పి చెప్పలేదు. చెప్పి ఉంటే దావా ఒక్క రోజులో తేలిపోయేది.

జేబులోంచి ఆ కాగితం నకలు తీశాను. కోర్టులో అర్జీ పెట్టి తెచ్చుకున్నది. "ఇప్పుడు చదువుత కాకా, ఇను," అన్నాను. ఆయన కండువా సర్దుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. మొదటి మాట దగ్గరే తడబడ్డాను, వేలు పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగాను. ఆయన ఎక్కడా తొందరపెట్టలేదు, చివరి వేలిముద్ర దాకా విన్నాడు. చదవడం అయ్యేసరికి నా చాయ్ చల్లారిపోయింది.